ఇటాలియన్ విశేషణాన్ని ఎక్కడ విరవాలి?

ఇటాలియన్ విశేషణం దాదాపుగా ఎప్పుడూ అచ్చుతోనే ముగుస్తుంది. ‘ఎర్రని’ అనడానికి పుంలింగంలో ‘రోస్సో’, స్త్రీలింగంలో ‘రోస్సా’. బహువచనంలో ‘రోస్సి’, ‘రోస్సె’. ‘బలమైన’ అనే ‘ఫోర్తె’ వంటి వాటికి లింగభేదం లేదు, బహువచనంలో ‘ఫోర్తి’ అయి ఊరుకుంటుంది. అజంతాలకు అలవాటుపడ్డ తెలుగు చెవికి ఇంతవరకు ఇబ్బంది లేదు. మాటను అక్షరాలుగా విరవబోతేనే చిక్కు.

రెండు అచ్చుల నడుమ ఒక్క హల్లే ఉంటే అది తర్వాతి అచ్చుతో పోతుంది: కా-రో. ద్విత్వమైతే నడిమికి చీలుతుంది: బెల్-లో. ర, ల, మ, నల తర్వాత వేరే హల్లు వస్తే అక్కడ విరుపు: ఫోర్-తె, గ్రాన్-దె. సకారం మాత్రం రాతలో మొండిది. పక్క హల్లును వదలక తర్వాతి అక్షరంలోకే పోతుంది: త్రి-స్తె.

అసలు తమాషా ఉపసర్గలతో. ‘ఒనెస్తో’ అంటే నిజాయితీ గల. ముందు ‘దిస్’ చేరితే నిజాయితీ లేని. అర్థం ‘దిస్’ దగ్గర తెగుతుంది, ఉచ్చారణ తెగదు: ది-సొ-నె-స్తో. వరస చివర ‘దిస్’ను విడదీసి రాసేవారూ ఉన్నారు, నాలుక మాత్రం ఒప్పుకోదు. ‘ఇన్’ మరీ మెతక: ‘పొస్సీబిలె’ ముందు ‘ఇమ్’, ‘లెగాలె’ ముందు ‘ఇల్’, ‘రెగొలారె’ ముందు ‘ఇర్’. మన సంధి సూత్రాలు తెలిసినవారికి ఇది పాత పరిచయమే. వట్టి ‘స్’ ఇంకా పొదుపు. ‘కొన్-తెన్-తో’ అంటే తృప్తి గల, ‘స్కొన్-తెన్-తో’ అంటే తృప్తి లేని. అర్థం తలకిందులైనా అక్షరాలు మూడే.

మాటలో నొక్కి పలికే చోటును ఊనిక అందాం; ‘కో’తో ముగిసే మాటల్లో దాని స్థానం బహువచనాన్నీ శాసిస్తుంది. చివరి నుంచి రెండో అక్షరం మీద ఊనిక ఉంటే కకారం నిలుస్తుంది: ‘అంతీకో’, ‘అంతీకి’. మూడోదాని మీదైతే చకారమవుతుంది: ‘సింపాతికో’, ‘సింపాతిచి’. ‘గ్రేకో’ మాత్రం సూత్రాన్ని లెక్కచేయక ‘గ్రేచి’ అవుతుంది. అపవాదాలు ఇంకా ఉన్నాయి, అవి నోటికి రావలసిందే.

ప్రత్యయాల మీద ప్రత్యయాలు పేర్చితే ఎంత దూరం పోవచ్చో ఇటాలియన్ కవి ఫ్రాంచెస్కో మొనేతి 1677లో చూపించాడు. తొందరపాటును సూచించే విశేషణాన్ని అతిశయార్థంలోకి సాగదీసి, దాన్ని మళ్లీ విశేషణం చేసి, చివర క్రియావిశేషణంగా మార్చాడు: ‘ప్రెచిపితెవొలిస్సిమెవొల్మెన్తె’. వ్యాకరణం ఒప్పని అల్లిక ఇది. 26 లిపి చిహ్నాల ఈ మాటకు అక్షరాలు సరిగ్గా పదకొండు, అంటే ఇటాలియన్ ఛందస్సులో ముఖ్యమైన పాదానికి నిండు కొలత.