కిమ్ నుంచి లింబాయత్ దాకా

కొత్తగా వ్యాపారంలోకి దిగేవాడికి డబ్బొక్కటే ఉంటే చాలదు. అదే పనిలో ఆరితేరిన ఇరుగుపొరుగు ఉండాలి, సొంతంగా కొనలేని యంత్రం వాడుకోవడానికి దొరకాలి, సరుకు కొనే అంగడి దగ్గర్లో ఉండాలి. హైదరాబాదులో ఇవన్నీ టీ-హబ్ లాంటి అంకుర సంస్థల కేంద్రాల్లో ఒక కప్పు కింద చేరాయి. సూరత్ జిల్లాలో మాత్రం రైలుపట్టాల పొడవునా పరుచుకుని ఉన్నాయి. అందుకే నా ప్రయాణం కిమ్‌లో మొదలైంది.

ఓల్పాడ్ తాలూకాలోని కిమ్, ముంబై–అహ్మదాబాద్ మార్గంలో సూరత్‌కు ఉత్తరాన సుమారు 25 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఊరి చుట్టూ చెరుకు, వరి. జాతీయ రహదారి వైపు వెళితే పిపోదరా పారిశ్రామికవాడ, అందులో మరమగ్గాల షెడ్లు. దక్షిణాన సాయణ్‌లో రైతుల సహకార చక్కెర మిల్లు, మళ్లీ మగ్గాలు.

ఈ మగ్గాల వెనక ఉన్న పద్ధతిని కాస్త వివరంగా చెప్పుకోవాలి. షెడ్డు పెట్టినవాడు నూలు కొననక్కర్లేదు. వ్యాపారి నూలిస్తాడు, మీటరుకింత అని నేత కూలి కడతాడు. నూలుకు పురి పెట్టేది ఒకరు, పడుగు బీములు చుట్టేది మరొకరు. నేసిన ముడిబట్ట పాండేసరాలాంటి చోట్ల అద్దకం మిల్లులకు వెళుతుంది, అక్కణ్నుంచి రింగ్ రోడ్డు మార్కెట్లకు. ప్రతి మెట్టూ వేరేవాళ్ల చేతిలో ఉంది గనుకే నాలుగు మగ్గాలున్నవాడు కూడా వ్యాపారిగా నిలబడగలడు. 2023 మార్చిలో ప్రారంభమైన హైదరాబాద్ టీ-వర్క్స్ చేసే పనిలో ముఖ్యమైనది కూడా ఇదే: నమూనా తయారుచేసే యంత్రాలను అందరికీ అందుబాటులో ఉంచడం.

సూరత్‌లో దిగి లింబాయత్ చేరితే తెలుగు చెవిన పడుతుంది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి తరతరాలుగా వలస వచ్చిన నేత కుటుంబాలు, ముఖ్యంగా పద్మశాలీలవి, ఇక్కడ స్థిరపడ్డాయి. సూరత్ నగరపాలిక తెలుగు మాధ్యమ బడులు కూడా నడిపింది. కొత్తగా వచ్చినవాడికి గది, పని, పూచీ మొదట దొరికేది తనవాళ్ల దగ్గరే. అయితే ఆ అండ చాలామందిని కూలి దాకానే తీసుకెళ్లింది. మగ్గం ముందు పన్నెండు గంటల షిఫ్టు చేసేవాడికి పని క్షుణ్ణంగా తెలుసు. తెలియనిదల్లా అప్పు పుట్టించడం, లెక్కలు రాయడం, కొనేవాడితో బేరమాడడం.

టీ-హబ్ లాంటి చోట్ల నేర్పేది సరిగ్గా ఇవే. 2015లో గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ ఆవరణలో మొదలై 2022 జూన్‌లో రాయదుర్గం భవనానికి మారిన ఆ సంస్థలో బల్ల, కుర్చీ కన్నా విలువైనవి సలహాదారుల పరిచయం, మదుపుదారుల ముందు నిలబడే అవకాశం. ఇక సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపేవాళ్ల కోసం సిరిసిల్ల పక్కన పెద్దూరులో కార్మికుణ్నే యజమానిని చేయాలని తెలంగాణ ప్రభుత్వం షెడ్ల పథకం చేపట్టింది. లింబాయత్ నేతగాళ్లకు కావలసింది అలాంటిదే: ఉమ్మడి షెడ్డు, దాంతోపాటు తెలుగులో వ్యాపారం నేర్పే మనిషి.