వంతుల లెక్కకు తాళం

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా అంతంతమాత్రంగా పడే అనంతపురం సీమ మాది. ఒక్క బోరు మీద నాలుగు కుటుంబాల శెనిక్కాయ బతకాల. ఎవరి వంతు ఎన్ని గంటలన్న దగ్గర మా నాయనకూ చిన్నాయనలకూ ఏటా మాటామాటా వచ్చేది. అందుకే పోయినేడు ఆ లెక్కను పైథాన్‌లో రాసినాను. నేను సొంతంగా చేసిన మొదటి వస్తువు అదే.

మా ల్యాబులో సర్వరు ఒక్కటే, అందరం దాంట్లోకే లాగిన్ అవుతాం. ఎవరి గది వారిదే గాని, నా గది తలుపుకు గడియ ఉందో లేదో చూసుకునే బుద్ధి నాకు లేకపోయె. నెల తిరక్కముందే నా ప్రోగ్రాం ఇంకొకరి పేరుతో ప్రాజెక్టై కూర్చుంది. నేను చేసిన తప్పులతో సహా!

అప్పుడు పుస్తకాలు తిరగేసినాను. 1969లో బెల్ లేబొరేటరీస్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలుపెట్టిన యూనిక్స్, దాని దారిలో వచ్చిన లినక్స్, ప్రతి ఫైలుకూ మూడు అనుమతులు పెడతాయి: చదవడం, రాయడం, నడపడం. చదివే అనుమతి తీసేసి నడిపేది మాత్రం ఉంచితే, పదిమందీ వాడుకుంటారు గాని కాపీ తీసుకోలేరు. సంబరంగా అట్లే చేసినాను. ఎవరికీ నడవలేదు! పైథాన్ ఫైలును ఇంటర్‌ప్రెటర్ చదివితేనే కదా నడిచేది. ఆ కిటుకు కంపైలైన ప్రోగ్రాములకే చెల్లుతుంది. పది రాత్రులు కూర్చుని సి భాషలో తిరగరాసినాను. అయినా సర్వరు పెత్తనం చేతిలో ఉన్నవారికి ఏ తాళమూ అడ్డం కాదు.

1957 కాపీరైటు చట్టాన్ని 1984లో సవరించి, ప్రోగ్రాములను సాహిత్య రచనల్లో చేర్చినారట. నా బోరు వంతులు సాహిత్యమా అని నవ్వొచ్చింది.

ఇంట్లో చెప్తే నాయన, "మన విత్తనాలు పక్కోళ్ళకిస్తే మన గాదె తరిగిందా రా?" అన్నాడు.

"ఇచ్చేది వేరు నాయనా. వాడు నా పేరు కొట్టేసి వాని పేరు రాసుకున్నాడు."

నాయన కొంచెంసేపు పలకలేదు. "అడిగింటే ఇచ్చిందువా?" అన్నాడు. నేనూ పలకలేదు.

మొన్న ఆ మిత్రుడే వచ్చినాడు. వాళ్ళూరి బోరుకు ఐదు వంతులంట, నా ప్రోగ్రాం నాలుగే తీసుకుంటుంది. పక్కన కూర్చోబెట్టుకుని మార్చి ఇచ్చినాను. నడిపే అనుమతి ఇచ్చినాను. చదివేది ఇంకా ఇయ్యలేదు.