ఒక కోటుకి రెండు ప్యాంట్లు

ముంబయిలో పెద్ద కార్పొరేట్ లా ఫర్మ్‌లో చేరబోయే పిల్లలకు బట్టల బెంగ ఎక్కువ. నల్సార్ లా యూనివర్సిటీలో చివరి సంవత్సరంలో ఉన్న ఒకమ్మాయి ఫోన్ చేసి, "అక్కా, చేరేలోపు నాలుగు సూట్లయినా ఉండాలట కదా?" అని అడిగింది. వద్దని గట్టిగా చెప్పాను. కాలేజీలో మూట్ కోర్టు పోటీల కోసం కుట్టించుకున్న నల్ల కోటు ఉంటుంది కదా, మొదట్లో అదే చాలు. మన టీంలో సీనియర్లు రోజూ ఏం వేసుకొస్తున్నారో చూసుకున్నాకే డబ్బు తీయాలి.

కార్పొరేట్ లాయర్లం కాబట్టి మా పనిలో కోర్టు మెట్లెక్కేది తక్కువ. అందుకే బార్ కౌన్సిల్ నిబంధనల్లో ఉన్న తెల్ల బ్యాండ్లు, గౌను రోజూ అక్కర్లేదు. కోటు కూడా ఎక్కువసేపు కుర్చీకి వేలాడుతూనే ఉంటుంది, క్లయింట్లు వచ్చినప్పుడు తొడుక్కుంటాం. అరిగేది ప్యాంటే. అర్ధరాత్రి దాకా కూర్చుని డ్రాఫ్టులు దిద్దుతుంటే సీటు దగ్గర బట్ట నున్నబడి మెరుస్తుంది, తొడల దగ్గర పలచబడుతుంది. అదే రంగు, అదే నేత తర్వాత వెతికితే దొరకదు, బంగారంలాంటి కోటు బీరువా పాలవుతుంది. అందుకే నేను కోటు కుట్టించుకున్న ప్రతిసారీ అదే తానులోంచి రెండు ప్యాంట్లు కుట్టించుకుంటాను. ఆ రెండో ప్యాంటుకయ్యే ఖర్చు కొత్త సూటు ధరలో చిన్న భాగమే.

రెడీమేడ్ కోట్లలో చాలావాటికి లోపలి గుడ్డను జిగురుతో అతికిస్తారు. మాటిమాటికీ డ్రై క్లీనింగ్‌కి వేస్తే ఆ అతుకు వదిలి కాలర్ మడత మీద బుడగలు లేస్తాయి. బ్రష్‌తో దులిపి గాలికి తగిలిస్తే చాలు, మరక పడితేనే లాండ్రీకి. ఇక భుజాలు సరిపోని కోటు సగం ధరకిచ్చినా తీసుకోను. నడుము, చేతుల పొడుగు టైలర్ సరిచేస్తాడు గానీ భుజం ముట్టుకుంటే కోటంతా విప్పాల్సిందే.

జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ముంబయి వానలో తోలు బూట్లతో లోకల్ రైలెక్కడం డబ్బు నీళ్లలో పోయడమే. బూట్లు ఆఫీసులో పెట్టుకుని, దారిలో రబ్బరు చెప్పులు వేసుకుంటాను.

ముఖ్యమైన మీటింగులకు నేను మంగళగిరి నూలు చీర కడతాను. పెద్ద అంచు, ఒంటి రంగు, గంజి పెట్టి ఇస్త్రీ చేసింది. బోర్డ్ రూంలో దానికి దొరికే గౌరవం ఏ సూటుకీ తీసిపోదు. పైగా ఇంట్లోనే ఉతుక్కోవచ్చు.

పన్ను సంగతీ చూసుకోవాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి రూ. 2,500 దాటిన రెడీమేడ్ దుస్తుల మీద జీఎస్టీ 18 శాతం, ఆ లోపువాటి మీద 5 శాతం. చొక్కాలు ఆ గీత లోపలే కొంటాను. కోటుకి మాత్రం గుడ్డ తీసుకుని కుట్టిస్తాను, గుడ్డ మీద 5 శాతమే.

చాలా ఫర్ముల్లో మాకిచ్చేది జీతం కాదు, రిటెయినర్ ఫీజు. 10 శాతం టీడీఎస్ పట్టుకుని మిగతాది ఖాతాలో వేస్తారు. ఖాతాలో పడిందంతా మనదనుకోకూడదు, అందులో మార్చిలో కట్టాల్సిన అడ్వాన్స్ ట్యాక్స్ కూడా ఉంటుంది. "బట్టలు వృత్తి ఖర్చే కదా, పన్ను తగ్గుతుంది" అనేవాళ్లున్నారు. నేనెంచుకున్న ప్రిజంప్టివ్ పద్ధతిలో వచ్చిన ఫీజులో సగాన్ని ఆదాయంగా చూపించి పన్ను కడతాం. ఆ పద్ధతిలో ఎంత ఖరీదైన సూటు కొన్నా పన్ను రూపాయి కూడా తగ్గదు.

చేరిన ఏడాది నేను ఒక్క కోటుతో సరిపెట్టి, మిగిలిందంతా విద్యారుణం అసలుకి కట్టాను. ఇప్పటికీ బట్టల కోసం వేరే రికరింగ్ డిపాజిట్ నడుపుతాను. అందులో ఉన్నంతవరకే కొనుగోలు, క్రెడిట్ కార్డు ఈఎంఐ మీద మాత్రం కొనను.