గాలి ఎంత కొట్టించాలి?



ఒకప్పుడు మన పల్లెలకు కారు పెళ్ళికో ఆసుపత్రికో అద్దెకు వచ్చేది. ఇప్పుడు పట్నాలలో ఉద్యోగాలు చేసుకునే పిల్లలు సెలవులకు సొంత కార్లలో వస్తున్నారు. బండి ఎంత ఖరీదైనదైనా నేలను తాకేది నాలుగు టైర్లే. ఒక్కొక్క టైరు నేలకు ఆనుకునే చోటు ఇంచుమించు మన అరచేయి అంత. ఇంటిల్లిపాదీ ప్రయాణము చేసేది ఆ నాలుగు అరచేతుల మీదనే. అందుకే టైర్లు మార్చిన తరువాత గాలి ఎంత ఉండాలన్న సంగతి మా ఇంట్లో కొన్నాళ్ళు పెద్ద చర్చ అయింది. అందులో మేము తెలుసుకున్న నాలుగు మాటలు మీతో పంచుకుంటున్నాము.

మా పెద్దబ్బాయి హైదరాబాదులో పని చేస్తున్నాడు. రెండేళ్ళ క్రితము ఒక విదేశీ కంపెనీ కారును సెకండ్ హ్యాండులో కొన్నాడు. దానికి ఉన్నవి రన్-ఫ్లాట్ టైర్లు. వీటి పక్క గోడలు బాగా మందముగా, గట్టిగా ఉంటాయి. మేకు దిగి గాలి అంతా పోయినా ఆ గోడలే బండి బరువును మోస్తాయి. గంటకు 80 కిలోమీటర్ల వేగము దాటకుండా నడిపితే సుమారు 80 కిలోమీటర్లు వెళ్ళి ఏదో ఒక షాపు చేరుకోవచ్చును. అమెరికాలో 1997 మోడల్ కొర్వెట్ కారును ఇలాంటి టైర్లతోనే, స్టెప్నీ లేకుండా అమ్మారు. తరువాత బి.ఎం.డబ్ల్యు. వారు తమ మోడళ్ళలో అనేకమునకు వీటిని అమర్చారు. మా అబ్బాయి కారు డిక్కీలో కూడ స్టెప్నీ లేదు, అది పెట్టడానికి గుంట కూడ లేదు.

అయితే గోడల గట్టితనము వలన రోడ్డు మీది ప్రతి గతుకూ నడుముకు తెలిసేది. వాళ్ళ నాయనమ్మ రెండు మెట్టలు దాటేసరికి “ఒరే, దీనికన్నా బస్సు నయము” అనేది. ఇంతలో ఆ టైర్లు అరిగిపోయినవి. మళ్ళీ అవే కొనాలంటే ధర ఎక్కువ, మన చుట్టుపక్కల టౌనులలో దొరకడమూ కష్టము. అందుచేత అదే సైజులో మామూలు ట్యూబ్‌లెస్ టైర్లు వేయించాడు. బండి మెత్తగా నడిచింది. నాయనమ్మ సంతోషించింది. ఇక మిగిలిన ప్రశ్న గాలి.

ఎవరి లెక్క వారు చెప్పారు. టైర్ల షాపు మేస్త్రీ, “సార్, ఇవి గోడ పలుచనివి. 40 పౌండ్లు కొట్టించండి, గట్టిగా నిలబడతాయి” అన్నాడు. బంకులో గాలి కొట్టే కుర్రవాడు అన్ని కార్లకు కొట్టినట్లే నాలుగింటికీ 35 చాలన్నాడు. ట్రాక్టరు నడిపే పక్కింటి తమ్ముడు, “అన్నయ్యా, ఎండాకాలము గదా, 28 చాలు. ఎక్కువ ఉంటే వేడికి పేలిపోతుంది” అన్నాడు. ముగ్గురూ మన మంచి కోరే చెప్పారు. కాని మూడు అంకెలలో ఏది పట్టుకోవాలి?

జవాబు కారులోనే ఉన్నది. డ్రైవరు తలుపు తెరిస్తే పక్కనున్న స్తంభము మీద ఒక చిన్న చీటీ అతికించి ఉంటుంది. మా అబ్బాయి కారు చీటీలో ఇద్దరు ముగ్గురు ఎక్కినప్పుడు ముందు 32, వెనుక 35 అనీ, మనుషులూ సామానూ నిండుగా ఉన్నప్పుడు ముందు 35, వెనుక 41 అనీ ఉన్నది. ముందూ వెనుకా ఒకటే అంకె కాదని, బరువు పెరిగితే గాలీ పెరగాలని ఆ చీటీయే చెబుతున్నది.

ఆ చీటీ రన్-ఫ్లాట్ టైర్ల కాలములో అతికించినది కదా, కొత్త టైర్లకు అది చెల్లుతుందా అని మాకూ సందేహము కలిగింది. ఆలోచిస్తే విషయము తేలికే. టైరులో గాలి నిండుగా ఉన్నంతవరకు ఏ టైరులోనైనా బరువును ముఖ్యముగా మోసేది గాలియే. రన్-ఫ్లాట్ గోడ అసలైన పనిలోకి దిగేది గాలి పోయినప్పుడే. టైర్లు మార్చినంత మాత్రాన కారు బరువు మారలేదు. కాబట్టి సైజు అదే అయి, బరువు మోసే అంకె తగ్గకుండా ఉంటే, చీటీలోని గాలితోనే మొదలు పెట్టాలి. ఆ అంకె టైరు పక్కనే ఉంటుంది. 225/50 R17 94 అని ఉంటే చివరి 94కు అర్థము, ఆ టైరు 670 కిలోల వరకు మోయగలదని. అదే 91 అయితే 615 కిలోలే. సైజు మార్చినవారికి, తక్కువ అంకె టైరు వేసినవారికి ఆ చీటీ సరిపోదు.

మేస్త్రీ చెప్పిన 40 మాట చూద్దాము. మామూలు టైరు కాస్త మెత్తగా ఊగినట్లు అనిపించడము నిజమే. నిండు బరువుకు వెనుక 41 కొట్టించమని చీటీయే చెబుతున్నది. కాని ఇద్దరే ఎక్కిన కారుకు నాలుగింటికీ 40 పెడితే టైరు ఉబ్బి నడిమి భాగమే రోడ్డును తాకుతుంది, అక్కడే అరుగుతుంది, తడి రోడ్డు మీద పట్టు తగ్గుతుంది. టైరు మీద అచ్చువేసిన గరిష్ఠ పీడనము అంకెను చూసి కొందరు అంత గాలి కొట్టిస్తారు. అది దాటకూడని హద్దు. మన కారుకు కావలసిన లెక్క మాత్రము తలుపు దగ్గరి చీటీలోనిదే.

పక్కింటి తమ్ముడి మాట ట్రాక్టరు నుండి వచ్చినది. దమ్ములో పట్టు కోసము గాలి తగ్గించడము రైతులకు తెలిసినదే. తారు రోడ్డు మీద వేగముగా పోయే కారుకు ఆ లెక్క పనికిరాదు. గాలి తగ్గితే టైరు గోడ తిరిగిన ప్రతిసారీ ఎక్కువగా వంగి లేస్తుంది. ఆ వంగడములోనే వేడి పుడుతుంది. వేడికి భయపడి గాలి తగ్గిస్తే వేడి ఇంకా పెరుగుతుంది. ఉష్ణోగ్రత 5, 6 డిగ్రీలు పెరిగితే గాలి సుమారు ఒక పౌండు పెరుగుతుంది. ప్రయాణము మధ్యలో గేజి 36 చూపించిందని 32కు దించితే, మరునాటి ఉదయము చల్లారిన టైరులో 28 మాత్రమే ఉంటుంది. చీటీలోని అంకె చల్లటి టైరుకు చెప్పినది. అందుచేత బండి కనీసము మూడు గంటలు ఆగి ఉన్నప్పుడు, ఎండ తగలకముందే చూసుకోవాలి. ఇందుకు మేము ఒక చిన్న గేజి కొని ఇంట్లో ఉంచాము.

తక్కువ గాలి ఎంత ప్రమాదమో అమెరికాలో 2000 సంవత్సరములో లోకమంతా చూసింది. ఫైర్‌స్టోన్ కంపెనీ ఆ ఏడు ఆగస్టులో సుమారు 65 లక్షల టైర్లను వెనుకకు పిలిచింది. వాటిలో చాలా టైర్లు ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ బండ్లకు ఉన్నవి. నడుస్తుండగా టైరు పై పొర ఊడిపోయి, బండ్లు బోల్తా పడి రెండు వందల మందికి పైగా చనిపోయారు. టైర్లలోని లోపముతో పాటు ఎండ వేడిమి, బరువు, గాలి తక్కువగా ఉండడము కూడ చర్చకు వచ్చినవి. కారు కంపెనీ 26 పౌండ్లు చెప్పగా టైర్ల కంపెనీ 30 ఉండాలన్నది. ఆ ఏడే అక్కడ చట్టము చేశారు. దాని ఫలితముగా 2008 మోడళ్ళ నాటికి కొత్త కార్లన్నిటిలో గాలి తగ్గితే వెలిగే దీపము తప్పనిసరి అయింది.

ఆ దీపమును మాత్రమే నమ్ముకోకూడదు. అక్కడి నిబంధన ప్రకారము గాలి నాలుగవ వంతు తగ్గితే అది వెలగాలి. అంటే 32 ఉండవలసిన టైరు 24కు దిగేవరకు వెలగకపోవచ్చును. కొన్ని కార్లలో చక్రము తిరిగే తీరును బట్టి గాలి తగ్గినట్లు కనిపెడతారు. అటువంటి బండికి టైర్లు మార్చి గాలి సరిచేసిన వెంటనే కారు పుస్తకములో చెప్పినట్లు దానిని రీసెట్ చేయాలి. లేకపోతే అది పాత లెక్కతోనే ఉంటుంది.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన మాట. రన్-ఫ్లాట్ టైరు మన ఏమరుపాటును కొంత ఓర్చుకునేది. గాలి పోయినా 80 కిలోమీటర్లు దాటించేది. మామూలు టైరుకు ఆ ఓర్పు లేదు. గాలి పోయిన తరువాత కొద్ది దూరము నడిపినా టైరు చీలికలైపోతుంది, రిమ్ము కూడ పాడవుతుంది. రాత్రివేళ ముసలివారితో, పసిపిల్లలతో హైవే మీద ఆగిపోతే ఏమి చేయగలము? మన దేశములో 2020లో మార్చిన నిబంధనల ప్రకారము ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి తెలిపే ఏర్పాటు, పంక్చరు కిట్టు ఉన్న చిన్న వాహనాలకు స్టెప్నీ లేకపోయినా ఫరవాలేదు. కాని ఆ కిట్టు మేకు దిగిన రంధ్రమునకే పనికివస్తుంది, గోడ చీలితే పనికిరాదు. అందుకే మా అబ్బాయి కిట్టుతో పాటు గాలి కొట్టే చిన్న పంపు కొన్నాడు, ఒక స్టెప్నీ కూడ కొని డిక్కీలో కదలకుండా బిగించాడు. సామానుకు చోటు తగ్గింది, మనసుకు నెమ్మది కలిగింది.

ఇప్పుడు నెలకొకసారి, దూర ప్రయాణమునకు ముందు మరొకసారి గాలి చూస్తాడు. సంక్రాంతికి వచ్చి బియ్యము బస్తాలతో తిరిగి వెళ్ళేటప్పుడు వెనుక టైర్లకు నిండు బరువు లెక్క వేస్తాడు. టైరు అరిగే తీరు కూడ గమనిస్తాడు. రెండు అంచులూ అరిగితే గాలి తక్కువైనదని, నడుమ అరిగితే ఎక్కువైనదని గుర్తు. ఇప్పటివరకు సమానముగానే అరుగుతున్నవి.

మీ పిల్లలు కూడ ఇటువంటి కారులో ఇంటికి వస్తే, ఆ తలుపు తెరిచి చీటీ ఒకసారి చదవండి. అందులోని అంకె ఒక కాగితము మీద వ్రాసి ఇవ్వండి. గాలి కొట్టేవాడు అడిగినప్పుడు “ఎంతో కొంత కొట్టు” అనకుండా ఆ అంకె చెప్పమనండి. ఐదు నిమిషాల పని, పెద్ద ఖర్చు లేదు. మన వాళ్ళు క్షేమముగా ఇల్లు చేరడమే మనకు కావలసినది.