పంజరంలో పోట్లాట... మనసులో ముల్లు

మీ ఇంట్లో లవ్ బర్డ్స్ ఉన్నాయా? లేకపోయినా ఫరవాలేదు, చదవండి. బి.పి., షుగరు, మోకాళ్ళ నొప్పుల గురించి రాయవలసిన డాక్టరమ్మ పక్షుల సంగతి ఎత్తుకుందేమిటి అనుకోకండి. ఈ వారం నేను చెప్పబోయేది మనిషి జబ్బు గురించే. కాకపోతే ఆ జబ్బు మా ఇంటికి పక్షుల పంజరంలోంచి వచ్చింది.

ముప్ఫై ఏళ్ళుగా ప్రభుత్వాసుపత్రుల్లో పనిచేస్తున్నాను. మా అమ్మాయీ అల్లుడూ ఉద్యోగరీత్యా ఊళ్ళు మారుతుంటారు. అందుకని ఎనిమిదేళ్ళ మనవడు మా దగ్గరే ఉండి చదువుకుంటున్నాడు. వాడి కాలక్షేపానికి ఒక జత లవ్ బర్డ్స్ కొన్నాం. (రామచిలుకలు కావు. వాటిని పంజరంలో పెట్టడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.) మనం లవ్ బర్డ్స్ అని పిలిచే ఈ చిన్న పిట్టల అసలు పేరు బడ్జరిగార్. వీటి పుట్టిల్లు ఆస్ట్రేలియా. 1840లో జాన్ గౌల్డ్ అనే పక్షి శాస్త్రజ్ఞుడు వీటిని ప్రాణాలతో ఇంగ్లండుకు తీసుకువచ్చాడు. ఆ తరువాత దేశదేశాల పంజరాల్లోకీ చేరాయి. సొంత దేశంలో ఇవి గుంపులుగా బతుకుతాయి. ఒకదానికొకటి పడకపోతే ఎగిరిపోవటానికి బోలెడంత ఆకాశం ఉంటుంది. మా వరండాలోని పంజరం పొడవు రెండడుగులు!

ఆడదాని పేరు చిట్టి, పచ్చ రంగు. పంజరంలో ఒక చిన్న మట్టికుండ కట్టాం. జత చక్కగా ఉంది. మనవడి పుట్టినరోజుకి “అమ్మమ్మా, ఇంకొకటి కొను” అన్నాడు. నీలం రంగుది తెచ్చాను. నీలు అని పేరు పెట్టాడు. అది ఆడదో మగదో నేను చూడలేదు, అడగలేదు.

నాలుగో రోజున వాడు వచ్చి, “అమ్మమ్మా, చిట్టి నీలుని కుండ దగ్గరికి రానివ్వటం లేదు” అన్నాడు. “వాటికవే సర్దుకుంటాయిలేరా, హోంవర్కు చూసుకో” అన్నాను. మర్నాడు, “కాళ్ళు పట్టుకుని కొరుకుతోంది” అన్నాడు. అదే జవాబు చెప్పాను. మూడోసారి చెప్పినప్పుడు నేను ఫోనులో ఉన్నాను. చేత్తో పొమ్మన్నాను.

ఆ మర్నాడు ఉదయం నీలు పంజరం అడుగున పడి ఉంది. తలంతా రక్తం. ఎన్నో కాన్పుల్లో రక్తస్రావం ఆపిన చేతులివి. కాని ఈ పిట్ట బరువు ముప్ఫై అయిదు గ్రాములు. దాని ఒంట్లో ఉండే మొత్తం రక్తం సుమారు మూడు మిల్లీలీటర్లు, అంటే అరచెంచాకి కాస్త ఎక్కువ. మనకు నాలుగు చుక్కలనిపించేది దానికి ప్రాణం. పశువుల ఆసుపత్రికి చేరేలోపలే నా చేతిలో పోయింది.

జబ్బు ఎవరికి వచ్చింది?

వారం తిరిగేసరికి మనవడికి పొద్దున్నే కడుపునొప్పి మొదలైంది. అన్నం సగంలో వదిలేసేవాడు. నులిపురుగులేమోనని ఆల్బెండజోల్ మాత్ర కూడా వేశాను! ఒకరోజు చిట్టిని చూపించి, “అది హంతకురాలు, వదిలేద్దాం అమ్మమ్మా” అన్నాడు. ఆ రాత్రి పక్కలో పడుకుని నెమ్మదిగా అసలు మాట చెప్పాడు: “నేను ఇంకొకటి కొనమనకపోతే నీలు బతికేది కదూ?”

చూశారా! నొప్పి కడుపులో కాదు. చిన్నపిల్లలకు మనసు బాధను మాటల్లో చెప్పటం రాదు. పొట్ట చేత చెప్పిస్తారు. పరీక్షలన్నీ బాగున్నా కడుపునొప్పి తగ్గని పిల్లవాణ్ణి తీసుకొచ్చే తల్లులకు నేనే ఎన్నోసార్లు ఈ మాట చెప్పాను. నా ఇంటి దగ్గరకి వచ్చేసరికి మరిచిపోయాను.

అప్పుడు లేచి కూర్చుని వాడితో అన్నాను: “నాన్నా, నువ్వు చూశావు. మూడుసార్లు చెప్పావు. విననిది నేను. తప్పు నాది.” వాడు కాసేపు ఏడ్చి నిద్రపోయాడు. నాకు మాత్రం పట్టలేదు. “సర్దుకుంటుందిలే” అన్న మాట నేను పిట్టల విషయంలోనే అన్నానా? ఓ.పి.లో నూటయాభైమంది వరసలో ఉన్నప్పుడు, రెండోసారి వచ్చి అదే నొప్పి చెప్పిన ఆడమనిషితో ఎన్నిసార్లు అన్నానో!

చిట్టి దుర్మార్గురాలా?

కాదు. దీనిని మీరూ గ్రహించాలి. ఈ జాతిలో గుడ్లు పెట్టే చోటు కోసం పోట్లాడేది ఎక్కువగా ఆడపక్షులే. ఒకే కుండ, ఇద్దరు ఆడవాళ్ళు, పారిపోవటానికి చోటు లేని పంజరం - ఈ మూడూ సమకూర్చినది నేను. చిట్టి చేసింది తన గూడు కాపాడుకోవటం. పగ, ద్వేషం మనం దానికి అంటగట్టినవి. దాన్ని కొట్టినా, చీకట్లో పెట్టి పస్తులుంచినా దానికేమీ అర్థం కాదు. బయటికి వదిలేస్తే కాకులు పొడిచి చంపుతాయి. అదొక రెండో తప్పు.

మీరేం చేయాలి?

పక్షిని కొనేముందు ముక్కు పైభాగం చూడండి. రంధ్రాల చుట్టూ మెత్తటి పొర ఉంటుంది. ఎదిగిన మగదానికి అది నీలంగా, ఆడదానికి గోధుమరంగులోనో పాలిపోయిన తెలుపుగానో ఉంటుంది. తెల్లని, పసుపుపచ్చని రకాలలో ఈ గుర్తు సరిగ్గా కుదరదు. జతలున్న పంజరంలో జత లేని ఆడపక్షిని వేయకండి.

పిల్లలు అక్కరలేదనుకుంటే కుండ పెట్టనే వద్దు. కావాలనుకుంటే జతల కంటే కుండలు ఎక్కువ ఉండాలి. అన్నీ ఒకే ఎత్తున కట్టాలి. పైనున్న కుండ కోసమే అన్నీ ఎగబడతాయి. కొర్రలూ నీళ్ళూ రెండు మూడు చోట్ల పెట్టండి. కొత్తదాన్ని కొన్నాళ్ళు వేరే పంజరంలో దూరంగా ఉంచి, జబ్బేమీ లేదని తేలాక పక్కపక్కన పెట్టి అలవాటు చేయండి.

ముక్కుతో ఒకదానినొకటి తట్టుకోవటం, కొమ్మ మీంచి తరమటం మామూలే. కాని కాళ్ళు పెనవేసుకుని కింద దొర్లినా, కాళ్ళూ ముక్కూ పట్టుకుని కొరికినా, ఒకటి తిండికి రాలేక అడుగున మూల కూర్చున్నా, ఒక్క చుక్క రక్తం కనిపించినా, ఆ గంటలోనే విడదీయండి. పక్షులు నీరసాన్ని వీలైనంతవరకూ పైకి కనబడనివ్వవు. మీకు కనిపించేసరికే ఆలస్యమై ఉంటుంది. పోట్లాడుతుంటే ఉత్తచెయ్యి పెట్టకండి. మధ్యలో అట్టముక్క అడ్డం పెట్టి, తువ్వాలుతో పట్టుకోండి. దెబ్బ తిన్నదానిని గాలి ఆడే అట్టపెట్టెలో, వెచ్చగా, వెలుతురు తక్కువగా ఉంచి, రక్తం కారే చోట శుభ్రమైన దూదితో మెల్లగా అదిమి, వెంటనే పశువైద్యునికి చూపించండి. మన నొప్పి మాత్రలూ పూతమందులూ దానికి వాడరాదు.

మిమ్మల్ని కొరికితే పుండుని ధారగా పడే నీటికింద సబ్బుతో బాగా కడగండి. అవసరమైతే ధనుర్వాతం టీకా వేయించుకోండి. పిచ్చికుక్క సూదులు అక్కర్లేదు. రేబిస్ పక్షుల వల్ల వచ్చే జబ్బు కాదు. కాని ఎండిన రెట్ట దుమ్ము పీలిస్తే ఒకరకం నిమ్ము రావచ్చు. పంజరాన్ని తడిపి శుభ్రం చేయండి. ఇంట్లో ఎవరికైనా జ్వరం, తలనొప్పి, పొడిదగ్గు వస్తే “మా ఇంట్లో పక్షులున్నాయి” అని డాక్టరుకు తప్పక చెప్పండి. ఆ ఒక్కమాటతో సగం రోగనిర్ణయం అయిపోతుంది.

ఇక మనసు మాట

“ఒక పిట్ట కోసం ఇంత బాధా?” అని ఇంట్లో నవ్వేవాళ్ళుంటారు. నవ్వకండి. పశ్చాత్తాపం జ్వరంలాంటిది. జ్వరం జబ్బు కాదు, లోపల ఏదో ఉందని చెప్పే గుర్తు. దాన్ని చూసి కారణం వెతకాలి. అంతేగాని అది ఒంట్లో తిష్ట వేయకూడదు.

నేను ఆ రాత్రి కాగితం మీద మూడు ప్రశ్నలు రాసుకున్నాను. తెలిసి చేసినదేమిటి? తెలియక చేసినదేమిటి? ఇప్పుడు చేయగలిగినదేమిటి? ఆడదో మగదో చూడకపోవటం తెలియక చేసింది. పిల్లవాడి మాట వినకపోవటం తెలిసి చేసింది. మొదటిదానికి నన్ను నేను క్షమించుకున్నాను. రెండోదానికి మనవణ్ణి క్షమాపణ అడిగాను. మూడో ప్రశ్నకు జవాబుగా కుండ తీసేశాం. వరండా పొడుగునా ఆరడుగుల పంజరం చేయించాం. కొత్త పక్షిని కొనలేదు.

మీరూ ఇలా రాసి చూడండి. పిల్లలకు “ఎగిరిపోయింది” అని అబద్ధం చెప్పకండి. చనిపోయిందని, ఎందుకు చనిపోయిందో, అది వాళ్ళ తప్పు కాదని చెప్పండి. ఇన్ని చేసినా రెండు వారాలు దాటినా నిద్ర లేక, ఆకలి లేక, పని మీద ధ్యాస లేకపోతే అది పిట్ట బాధ మాత్రమే కాకపోవచ్చు. అంతకుముందు దాచుకున్న మరేదో దుఃఖం ఈ మిషతో బయటపడి ఉండవచ్చు. సిగ్గుపడకుండా డాక్టరును కలవండి. టెలి-మానస్ వారి 14416 నంబరుకు పగలైనా రాత్రైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. బతకాలని లేదన్న ఆలోచన వస్తే రెండు వారాలు కాదు, రెండు గంటలు కూడా ఆగకండి.

మనవడి కడుపునొప్పి ఏ మందూ లేకుండా తగ్గింది. ఇప్పుడు చిట్టికి వాడే కొర్రలు వేస్తున్నాడు. ఓ.పి.లో రెండోసారి వచ్చి అదే నొప్పి చెప్పేవాళ్ళని నేనిప్పుడు కూర్చోబెట్టి మొదటినుంచీ చెప్పమంటున్నాను. ఇంటికి కాస్త ఆలస్యంగా వెళుతున్నాను. ఫరవాలేదు.