తిన్న రొట్టె రుణం

మా అమ్మ శనివారం పెన్న ఒడ్డున రంగనాయకుల గుడికి వెళ్లేది. మొహర్రం నెల వచ్చిందంటే రొట్టెల పండుగకు స్వర్ణాల చెరువు దగ్గరి దర్గాకు బయలుదేరేది. ఆ పండుగ ఏటా 10, 11 రోజులు ముందుకు జరుగుతుంది కనుక పక్క వీధి బూబమ్మను అడిగి తేదీ తెలుసుకునేది. గుడికైనా దర్గాకైనా అదే చీర, అదే బొట్టు. దర్గా దగ్గర మాత్రం కొంగు తలమీదికి వచ్చేది.

నెల్లూరు రొట్టెల పండుగ చూడనివారికి చెబుతాను. బారాషహీద్ దర్గాలో 12 మంది అమరవీరుల సమాధులున్నాయి. పక్కనే ఆ చెరువు. కోరిక తీరినవాళ్లు ఇంట్లో రొట్టెలు చేసుకొచ్చి నీళ్లలో నిలబడి పంచుతారు. అదే కోరిక ఉన్నవాళ్లు పుచ్చుకుని తింటారు. సంతాన రొట్టె, పెళ్లి రొట్టె, ఉద్యోగ రొట్టె అని కేకలు వేస్తూ వెతుక్కుంటారు. తమ పని అయ్యాక మళ్లీ వచ్చి ఇంకొకరికి ఇవ్వాలి. ఇచ్చే చేయి ఎవరిదని అడిగినవాళ్లను నేను చూడలేదు.

మా వైపు హిందువుల ఇళ్లలో మస్తానయ్యలు, మస్తానమ్మలు ఎందరో. కసుమూరు దర్గా మస్తాన్‌వలికి మొక్కుకుంటే పుట్టిన బిడ్డలు. బడి దరఖాస్తులో మతం దగ్గర ఒక్క మాటకే చోటుంటుంది. అక్కడ హిందువు అని రాస్తారు. పై వరుసలో ఆ పేరు అలాగే ఉంటుంది.

మా అమ్మాయికి గుడీ దర్గా రెండూ దూరమే. దేవుడి సంగతి ఇంకా తేల్చుకోలేదంటుంది. చదువు అయిన ఏడు అమ్మమ్మ పోరు పడలేక మోకాటి లోతు నీళ్లలో దిగి ఉద్యోగ రొట్టె అందుకుంది. ఇచ్చినావిడ బురఖాలో ఉంది. "మా పిల్లోడికి వచ్చింది తల్లీ, నీకూ వస్తాది" అని తల నిమిరింది. ఉద్యోగం వచ్చింది. మరుసటి మొహర్రానికి నేను ఆ మాట ఎత్తకముందే, "అమ్మా, రొట్టె ఎప్పుడివ్వాలి?" అని ఫోన్ చేసింది. సెలవు పెట్టి వచ్చి, తనే పిండి కలిపి, తనే కాల్చి తీసుకెళ్లింది.

ఇళ్లల్లో పూజలు తగ్గుతున్నాయని నాకు దిగులు లేదు. ఈ రుణం మరిచిపోతే మాత్రం మనకు మిగిలేది దరఖాస్తులోని ఆ ఒక్క మాటే. అందుకే అడుగుతున్నాను. కసుమూరుకో, గుణదల మేరీమాతకో మీ పెద్దల మొక్కు బాకీ ఉంటే, పిల్లల్ని వెంటబెట్టుకు వెళ్లి తీర్చి రండి.