కాష్మోరాని చూసేశాక...

పదో తరగతి సెలవుల్లో ‘తులసిదళం’ చదివాను. పాయకరావుపేటలో అద్దె పుస్తకాల షాపు నుంచి తెచ్చిన కాపీ. 1980ల మొదట్లో ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చి ఎందరికో నిద్ర లేకుండా చేసిన యండమూరి వీరేంద్రనాథ్ నవల. సగంలో ఉండగా కరెంటు పోయింది. పెరట్లో తులసికోట దాటితేగానీ నూతి దగ్గరికి వెళ్లలేం. ‘ఏటిరా, ఇంత పెద్దోడివి...’ అంటూనే నాయనమ్మ లాంతరు పట్టుకుని తోడొచ్చింది.

1986లో ‘కాష్మోరా’ వచ్చింది. తులసిదళానికి కొనసాగింపైన ‘తులసి’ నవలని రాజేంద్రప్రసాద్, భానుప్రియలతో సినిమాగా తీశారు. తాండవ వంతెన దాటి తునిలో సెకండ్ షోకి వెళ్లాం. అబద్ధమెందుకు, హాల్లో భయపడ్డాను. కానీ తిరిగొచ్చేటప్పుడు అదే వంతెన మీద ఈలలేసుకుంటూ నడిచాం. తెరమీద చూసేశాక ఇక ఊహించుకోవడానికేం మిగులుతుంది? నవల్లో కాష్మోరాని ఎవరి పెరటికి తగ్గట్టు వాళ్లే తయారుచేసుకోవాలి!

ఇంకో సంగతి. ‘తులసిదళం’లో మంత్రగాళ్లే కాదు, డాక్టర్లూ, హిప్నాటిజమూ ఉంటాయి. పాపకి చేతబడా, జబ్బా? ఏ దారి కాపాడిందో తేల్చుకోవడం మనకే వదిలేశారు రచయిత. 2008లో రామ్‌గోపాల్ వర్మ ‘ఫూంక్’ వచ్చింది. హాల్లో ఒంటరిగా కూర్చుని చూస్తే 5 లక్షలిస్తానన్నాడే, అదే. చాలామందికిలాగే నాకూ తులసిదళమే గుర్తొచ్చింది. కానీ అందులో నాస్తికుడైన తండ్రి చివరికి మాంత్రికుణ్నే ఆశ్రయిస్తాడు. ఇక మనం తేల్చుకోవడానికేం లేదు.

అందుకే నవలే గొప్పదని ఏళ్లతరబడి వాదించాను. అద్దె షాపు ఎత్తేసినప్పుడు కొనుక్కున్న ఆ పాత కాపీని ఈమధ్య మళ్లీ తీశాను. మంత్రగాడు కాద్రా వచ్చే పేజీలు నలిగి, అంచులు నల్లబడి ఉన్నాయి. డాక్టర్లు మాట్లాడుకునే పేజీలు మాత్రం కొత్తవాటిలా ఉన్నాయి. నేనూ అవి చదవకుండా తిప్పేసినవాణ్నే.

అప్పట్లో మా వీధి చివర ఒక ముసలమ్మ ఒంటరిగా ఉండేది. పసరు మందులిచ్చేది. వెనకాల ‘చిల్లంగి’ అనేవారు. మన్యంలో ఆ అనుమానంతోనే మనుషుల్ని చంపేసిన సంగతులు నాకు అప్పుడు తెలీవు. చిన్నప్పుడు నా దగ్గు తగ్గించింది ఆవిడ పసరే. అయినా ఆ వేసవిలో ఆవిడిచ్చిన జాంకాయలు తీసుకుని, మలుపు తిరగ్గానే కాలవలో పడేశాను.

మర్నాడు ‘కాయలు బాగున్నాయా బాబూ?’ అని అడిగింది.

బాగున్నాయన్నాను.